సాక్షిని కోరుకొనే ధర్మం

చట్టం నిర్బంధించకపోయినా ఒక సంస్థ తనంతట తానుగా పరీక్షకు సిద్ధపడడం సద్గుణమా, కీర్తికాంక్షా? ప్రజారోగ్య శాఖలు స్వచ్ఛందంగా ప్రామాణిక గుర్తింపు కోరే పద్ధతి ఈ పాత ధర్మసందేహాన్ని మళ్ళీ మన ముందుంచుతున్నది.

అమెరికాలో ఇందుకై 2007లో ఒక స్వతంత్ర మండలి ఏర్పడింది. 2013 ఫిబ్రవరిలో అది తొలి విడతగా 11 ఆరోగ్య శాఖలకు గుర్తింపు నిచ్చింది. మన దేశంలో 2013లో రూపొందిన జాతీయ నాణ్యతా ప్రమాణాలు ప్రభుత్వ వైద్యశాలలను పరీక్షిస్తాయి. వైద్యశాలకు గోడలున్నవి గనుక దానిని కొలవవచ్చు. ఊరి ఆరోగ్యానికి గోడలేవి?

ఖరగ్‌పూర్‌నే చూద్దాం. బెంగాల్ నాగపూర్ రైల్వే స్టేషను, వర్క్‌షాపుల చుట్టూ పెరిగిన పట్టణమిది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పనికై వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. రైల్వే కాలనీ పారిశుద్ధ్యం రైల్వే యంత్రాంగానిది. ఊరి వీధులు పురపాలక సంఘానివి. వ్యాధుల పర్యవేక్షణ జిల్లా ఆరోగ్య శాఖది. ముగ్గురూ విడివిడిగా పరీక్షలో నెగ్గవచ్చు. అయినా రెండు హద్దుల నడుమ నిలిచిన నీటిలో దోమలు పెరుగుతూనే ఉండవచ్చు. దోమకు పరిధులు తెలియవు. ఈ రైల్వే స్వాతంత్ర్యానికి పూర్వమే రొనాల్డ్ సీనియర్-వైట్ అనే మలేరియా శాస్త్రజ్ఞుని నియమించుకొన్నదంటే, దోమ విషయం ఎంత గంభీరమో ఊహించవచ్చు.

స్వచ్ఛంద పరీక్షపై ఒక ఆక్షేపణ ఉన్నది: బాగున్నవారే ముందుకు వస్తారు, బాగుపడవలసినవారు తప్పుకొంటారు. ఇది నిజమే. కాని నిర్బంధ తనిఖీ సంగతి అధికారులకు తెలియనిది కాదు. తనిఖీ ముందురోజు గోడలకు సున్నం పడుతుంది, లోపం తెర వెనుకకు పోతుంది. తన లోపాన్ని తానే చూపగల సంస్థకు మాత్రమే దానిని దిద్దుకొనే అవకాశం ఉంటుంది. స్వచ్ఛందతలోని నైతిక విలువ ఇదే.

అయితే ఆ లోపాన్ని ఎవరికి చూపాలి? అమెరికా మండలి దరఖాస్తుకు ముందే, ఆ ప్రాంత ప్రజల ఆరోగ్యస్థితిని ఇతర సంస్థలతో, ప్రజలతో కలిసి అంచనా వేసి, మెరుగుదల ప్రణాళికను సిద్ధం చేయాలని విధించింది. అంటే అక్కడ కొలతకు వచ్చేది కార్యాలయం ఒక్కటే కాదు, ఊరు కూడా. ఖరగ్‌పూర్ వంటి చోట ఈ నియమం వర్తిస్తే మూడు యంత్రాంగాలూ ఒకే కాగితంపై సంతకం చేయవలసి వస్తుంది. కాలువ పక్క ఇంటి తెలుగు గృహిణిని ఆమె భాషలోనే అడగవలసి వస్తుంది: "అమ్మా, ఈ నీరు ఎన్నాళ్ళుగా నిలిచి ఉంది?"

ఆమె జవాబు లేని ప్రమాణపత్రం గోడకు అలంకారం మాత్రమే. ఆమెను సాక్షిగా పిలిచే ధైర్యమున్న శాఖకు, పత్రం రాకపోయినా, ధర్మం సిద్ధించినట్లే.