అప్పుకు వేళ

కొత్త క్రెడిట్ కార్డుకు దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి? పైకి ఇది లెక్కల ప్రశ్న. లోతుకు పోతే నీతి ప్రశ్న.

మొన్న మా కళాశాల కాంట్రాక్టు అధ్యాపకుడొకరు నన్నిదే అడిగారు. ఆయనకు 3 నెలలుగా జీతం లేదు. పాత కార్డుపై కనీస మొత్తం మాత్రమే కడుతున్నారు. మిగిలిన బాకీకి నెలకు 3.5 శాతం వడ్డీ. అనగా ఏడాదికి 42. దాన్ని తీర్చడానికి మరో కార్డు కావాలట.

"ఇప్పుడు వద్దు మాస్టారూ. అప్పుతో అప్పు తీరదు. పైగా ప్రతి దరఖాస్తూ సిబిల్ చిట్టాకెక్కుతుంది" అన్నాను.

అన్నాక సిగ్గేసింది. నా జీతం ఒకటో తారీకున వస్తుంది. నెలనెలా బాకీ పూర్తిగా తీర్చే నాకు 45 రోజుల దాకా వడ్డీలేని గడువు. అక్కర లేనివానికి ఉచితం, అక్కర ఉన్నవానికి వడ్డీ! నా సౌకర్యపు ఖర్చులో కొంత ఆయనవంటివారి వడ్డీలోంచే వస్తున్నది.

పూర్తిగా తీర్చగలిగిననాడే కార్డు తీసుకోవాలన్న సూత్రం సరైనదే. కాని దాన్ని పాటించే స్థోమత సకాలంలో అందే జీతానిది. ఆ స్థోమతను నా వివేకమని చెప్పుకోవడం ఆత్మవంచన.

ముందు పెట్టవలసిన దరఖాస్తు ఆయన జీతబకాయి కోసం. దానిమీద నా సంతకమూ ఉండాలి.