దిగేటప్పుడు ఏ గేరు?

పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద పల్లం మొదలవగానే క్లచ్ పట్టి బండిని న్యూట్రల్‌లో వేయడం నాకు ఎన్నేళ్ళుగానో అలవాటు. మా నాన్న నుంచి వచ్చిన ఆస్తి అది. ఆయన తన చేతక్ మీద వెళ్తూ ఏ చిన్న వాలు కనిపించినా ఏకంగా ఇంజిన్ ఆపేసేవాడు. నాలుగు చుక్కలు మిగిలినా మిగిలినట్టే కదరా అనేవాడు. ఆ రోజు నా వెనక కూర్చున్నది మెకానిక్ భాయ్. బండి చప్పుడు వినడానికి ట్రయల్‌కి వచ్చాడు. న్యూట్రల్ పడగానే భుజం మీద గట్టిగా తట్టాడు.

"ఏం చేస్తున్నరు సార్? భూటాన్ గుట్టలల్ల గూడ గిట్లనే దిగుతరా?"

పెట్రోలు కలిసొస్తుందని ఏదో నసిగాను. ఆయన నవ్వలేదు. "ఎక్కేటప్పుడు బండి చూస్కుంటది సార్. దిగేటప్పుడు మీరే చూస్కోవాలె" అన్నాడు.

కొండదారుల కోసం బండిలో ఏమేం మార్చాలో అడుగుదామని వెళ్ళినవాణ్ణి. ఆ జాబితాలో మొదటి పేరు నాదేనని అప్పుడే తేలిపోయింది.

నేనుండేది అమీర్‌పేటలో. కంప్యూటర్ కోర్సులు చెప్పుకుని బతుకుతాను. 1999లో ఒరాకిల్ నేర్చుకుందామని మైత్రీవనం దగ్గర బస్సు దిగాను. నేర్చుకుని వెళ్ళిపోవాల్సినవాణ్ణి, వెళ్ళకుండా అక్కడే నేర్పడం మొదలుపెట్టాను. ఈ పేటలో స్థిరంగా ఉండేవాళ్ళు మూడే రకాలు: ఫ్యాకల్టీ, హాస్టల్ ఓనర్లు, జిరాక్స్ షాపులవాళ్ళు. తక్కినవాళ్ళంతా వెళ్ళబోతున్నవాళ్ళే. డెమో క్లాసుకు వస్తారు, మూడు నెలలు ఉప్మా తింటారు, మాక్ ఇంటర్వ్యూలో చెమటలు కక్కుతారు, ఒకరోజు స్వీట్ డబ్బాతో వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టి విమానం ఎక్కుతారు. నా ముందు బెంచీలో కూర్చున్న పిల్లలు డాలస్‌లో ఇళ్ళు కొన్నారు, సిడ్నీలో పిల్లల్ని కన్నారు. నా పాస్‌పోర్టు మాత్రం పదేళ్ళు ఖాళీగా ఉండి, ఖాళీగానే రెన్యువల్ అయింది.

యాభై రెండో ఏట బుద్ధి పుట్టింది. దేశం దాటాలి. విమానంలో కాదు, నా మోటార్‌సైకిల్ మీద, కొండల మధ్య నుంచి.

పాత విద్యార్థులు వెంటనే వియత్నాం అన్నారు. ఉత్తరాన హా జాంగ్ కొండలు, మా పీ లెంగ్ కనుమ. 1959 నుంచి 1965 దాకా వేలమంది కుర్రవాళ్ళు చాలామటుకు చేతి పనిముట్లతోనే బండరాళ్ళు చెక్కి వేసిన దారి అది. అక్కడే బండి అద్దెకు తీసుకోవచ్చు. ఆశపడి చదివితే ఒక చిక్కు కనిపించింది. మన దగ్గర ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది. వియత్నాం చేరింది 1968 నాటి వియన్నా ఒప్పందంలో. మన కాగితం అక్కడ చెల్లదు. ఈ మాట చెబితే హనోయ్ వెళ్ళొచ్చిన కుర్రాడు తేలిగ్గా తీసేశాడు. "అందరూ నడుపుతారు సార్. అక్కడ ఎవరూ అడగరు."

ఎవరూ అడగరు! ఈ మాట నేను పాతికేళ్ళుగా వింటున్నాను. అమీర్‌పేటలో దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ల వ్యాపారం మొత్తం నిలబడింది దాని మీదే. చేయని ఉద్యోగానికి రెండేళ్ళ అనుభవం కాగితం మీద పుట్టిస్తారు. ప్రమాదం జరగనంతవరకూ నిజంగానే ఎవరూ అడగరు. జరిగిన రోజు మొట్టమొదట అడిగేవాడు ఇన్సూరెన్స్ వాడు. పిల్లలకు వద్దని చెప్పే పని నేను చేయలేను కనుక వియత్నాం పక్కకు పెట్టి భూటాన్ మీద వేలు పెట్టాను.

భూటాన్‌లో మన లైసెన్సు చెల్లుతుంది, మన బండే తీసుకుపోవచ్చు. బళ్ళు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి. గడియారం మాత్రం అరగంట ముందుంటుంది. రాత్రికి 1,200 రూపాయల చొప్పున మనవాళ్ళు రుసుము కట్టాలి. పాస్‌పోర్టు లేకపోయినా ఓటరు కార్డు చూసి పర్మిట్ ఇస్తారు. అంటే నా మొదటి విదేశీయానం ముగిసినా నా పాస్‌పోర్టు కన్నెగానే మిగిలిపోవచ్చు. ఈ సంగతి చెప్పిన రోజు మా ఆవిడ పడీపడీ నవ్వింది.

ఏర్పాట్లలో పడ్డాక తెలిసింది, మన చేతిలో ఎప్పుడూ ఉండే కాగితాలనే మనం చదవమని. బండి ఇన్సూరెన్స్ పాలసీలో భౌగోళిక పరిధి అని ఒక గడి ఉంటుంది. అందులో ఇండియా అని ఉంటుంది. కొంచెం ఎక్కువ ప్రీమియం కడితే నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంకల వంటి ఇరుగుపొరుగుకు దాన్ని పొడిగిస్తారు. ఇన్నేళ్ళూ ఆ గడి మీద నా కన్ను పడలేదు. బండిని సికింద్రాబాద్ స్టేషన్‌లో పార్సిల్ వేయాలంటే ట్యాంకులో చుక్క లేకుండా తోడేసి, గోనెపట్టాలు చుట్టి కట్టాలి. న్యూ జల్పాయ్‌గురిలో దింపుకుంటే భూటాన్ గుమ్మం ఫుంట్‌షోలింగ్ ఒక పూట దారి. నాది 2014 నాటి క్లాసిక్ 350, కార్బురేటర్ బండి. నాలుగు వేల మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే అరవై శాతమే ఉంటుంది. గాలి పలచనై పెట్రోలు పాళ్ళు మించి బండి నల్లటి పొగ కక్కుతుందని, ఆయాసపడుతుందని భాయ్ ముందే చెప్పాడు. మనిషికీ అదే జబ్బు.

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఎర్రలైటు సెకన్లు లెక్కపెడుతూ నిలబడినప్పుడల్లా థింపూ గుర్తొస్తుంది. దేశ రాజధాని అయ్యుండీ ఆ ఊళ్ళో ట్రాఫిక్ లైటు లేదు, కూడలిలో రంగుల గూడు కింద నిలబడి పోలీసు చేతులతోనే దారి చూపిస్తాడు. 1958లో నెహ్రూ భూటాన్ వెళ్ళినప్పుడు ఆ దేశంలోకి మోటారు దారే లేదు. నాథూ లా మీదుగా టిబెట్ చుంబీ లోయలోకి దిగి, గుర్రాల మీద పారో చేరారు. ఇప్పుడు నేను వెళ్దామనుకుంటున్న దారి, 1961లో మొదలైన దంతక్ ప్రాజెక్టు కింద మన సరిహద్దు రోడ్ల సంస్థ వేసింది.

ఇదేదో నేనే మొదలుపెట్టిన వెర్రి అనుకోలేదు. 2018లో ఇదే హైదరాబాద్ నుంచి జై భారతి, మరో ముగ్గురు ఆడవాళ్ళు మోటార్‌సైకిళ్ళ మీద బయల్దేరి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చూసి 17,000 కిలోమీటర్ల దాకా తిరిగొచ్చారు. వాళ్ళలో ఒకరైన పియా బహదూర్ ఆ యాత్రను పుస్తకంగా రాశారు. వాళ్ళ లెక్కలో నాది పక్క వీధిలో పాల ప్యాకెట్‌కి వెళ్ళడం.

లాంగ్ నోట్‌బుక్ కొని ప్రయాణం మొత్తం గీతలు కొట్టి రాశాను. ఊరు, దూరం, ఎత్తు. ఫుంట్‌షోలింగ్ 300 మీటర్లు. థింపూ 2,300. దోచు లా కనుమ 3,100. పారో దాటాక చెలే లా 3,988. చెలే లా కింద, పరీక్ష పేపరు ముగించినట్టు, రెండు గీతలు గీశాను. మా ఆవిడ కూర తరుగుతూ తరుగుతూ నోట్‌బుక్ లాక్కుని చూసింది.

"ఇంకేం రాయలేదేమండీ? అక్కడే ఉండిపోతారా?"

సరదాకే అంది. నాకు మాత్రం కత్తిపీట ఆగిన చప్పుడు వినిపించింది. నిజంగానే ఎక్కేవన్నీ రాశాను. దిగే దారి ఒక్కటీ రాయలేదు. వచ్చేయడం దానంతటదే జరిగిపోతుందని ఎక్కడో నమ్మాను.

మన ముందుతరాలు అలా నమ్మలేదు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని సామెత పుట్టిన రోజుల్లో, 1830 మే నెలలో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. మన హైదరాబాద్ మీదుగానే వెళ్ళాడు. ఏ మజిలీలో నీళ్ళున్నాయి, ఏ ఊళ్ళో సరుకులు దొరుకుతాయి, దారి ఇసకా రాయా అని పూటపూటా రాశాడు. 1831 సెప్టెంబరులో క్షేమంగా ఇల్లు చేరాడు. ఆ రాత 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది. అది చదువుతుంటే, ఇల్లు చేరడం కూడా యాత్రలో రాయాల్సిన భాగమేనని ఆయనకు మొదటి మజిలీ నుంచే తెలుసనిపిస్తుంది.

దిగడం గురించి భాయ్ చెప్పిన పాఠం ఇది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. గేరులో ఉన్నంతసేపూ ఇంజిన్ చక్రాన్ని వెనక్కి లాగి పట్టుకుంటుంది. న్యూట్రల్‌లో ఇంజిన్‌కీ చక్రానికీ బంధం తెగిపోతుంది. బండి హాయిగా, చప్పుడు లేకుండా జారుతుంది. ఆ హాయి మొత్తం బ్రేకుల మీద బరువు. పది కిలోమీటర్ల పల్లంలో డిస్కు కాలి, బ్రేకాయిల్ మరిగి, ఒక మలుపులో లివర్ మెత్తగా చేతిలోకి వచ్చేస్తుంది. అప్పుడు గేరు వేద్దామన్నా వేగం ఒప్పుకోదు.

ఇది తిరుమల వెళ్ళొచ్చిన ప్రతి తెలుగువాడికీ తెలిసిన విషయమే. ఎక్కడానికి ఒక ఘాట్ రోడ్డు, దిగడానికి ఇంకొకటి. 1944 నాటి పాత దారిని దిగేవాళ్ళకు కేటాయించారు. టోకెన్ మీద టైము వేసి, ఎక్కడానికి 28 నిమిషాలకు తగ్గకూడదంటారు, దిగడానికి 40 నిమిషాలకు తగ్గకూడదంటారు. దిగడానికే ఎక్కువ సమయం పట్టాలి! ఎన్నోసార్లు వెళ్ళాను, దిగేటప్పుడు ప్రతిసారీ ఆ టైము కోసం చెట్టు కింద ఆగి వేరుశనక్కాయలు తిన్నాను. ఎందుకని ఒక్కసారైనా అనుకోలేదు.

అనుకోకపోవడానికి కారణం మా పేట. అమీర్‌పేటలో గోడ గోడకీ ఎక్కే దారులే అంటించి ఉంటాయి. నలభై అయిదు రోజుల్లో ఇది, వంద శాతం ప్లేస్‌మెంట్‌తో అది. దిగడం నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఒక్కటీ లేదు. నేనూ నేర్పలేదు. కిందటేడు ఒక పాత విద్యార్థి వచ్చాడు. పదకొండేళ్ళు అమెరికాలో చేసి, ఉద్యోగం పోయి తిరిగొచ్చాడు. ఆరు నెలలుగా అపార్ట్‌మెంటులో అందరికీ లీవు మీద వచ్చానని చెబుతున్నాడు. కన్నతల్లికీ అదే చెప్పాడు. మంచి చొక్కా వేసుకున్నాడు, నవ్వుతూనే మాట్లాడాడు. వాడు న్యూట్రల్‌లో దిగుతున్నాడని నాకు ఇప్పుడు అర్థమవుతోంది. చప్పుడు లేదు. బరువంతా బ్రేకుల మీదే.

వాడి సంగతి ఎందుకు, నా సంగతి చూడండి. ఒకప్పుడు నా ఉదయం బ్యాచిలో నూటయాభై మంది. కిటికీల్లో కూర్చునేవాళ్ళు. ఇప్పుడు పద్నాలుగు. మిగతావాళ్ళు ఇళ్ళలోనే ఫోన్లలో నేర్చుకుంటున్నారు. ఎవరైనా అడిగితే సీజన్ కాదంటాను. నాలుగేళ్ళుగా సీజన్ కావడం లేదు. దిగుతున్నానని ఒప్పుకోకుండా దిగుతున్నాను. ఒప్పుకుంటేనే కదా గేరు మార్చేది.

నోట్‌బుక్‌లో ఇంకో గడి గీశాను. చెలే లా వెళ్ళినా రాత్రి పడక కిందున్న పారోలోనే, ఎత్తున నిద్ర వద్దని డాక్టరు మాట. మధ్యాహ్నం రెండింటికి కనుమ చేరకపోతే, శిఖరం కంటికి కనిపిస్తున్నా సరే, వెనక్కి తిప్పాలి. వర్షం పడి కొండచరియ దారి మూసేస్తే వాడుకోవడానికి రెండు రోజులు ఖాళీ. ఇవి రాస్తున్నప్పుడు మొదట పిరికితనంలా అనిపించింది. రాయడం అయ్యేసరికి మొదటిసారి ఈ ప్రయాణం నిజంగా జరుగుతుందనిపించింది. ఎక్కడమొక్కటే రాసుకున్నన్నాళ్ళూ అది కల మాత్రమే.

బండికి పూజ బల్కంపేట ఎల్లమ్మ దగ్గర చేయించాం. పూజారి బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. చిన్నప్పటి నుంచీ దేవుళ్ళంటే మెట్లెక్కి చూడాల్సినవాళ్ళే. ఈ తల్లి నేలమట్టానికి కింద, బావిలో పవ్వళించి ఉంటుంది. తల ఎత్తితే దర్శనం కాదు, దించాలి. ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న గుడికి ఇన్నేళ్ళు వెళ్ళి, ఈ మాట ఈసారే తట్టింది.

రోడ్డు నియమాల్లో ఒకటి లెర్నింగ్ లైసెన్సు నాడు బట్టీ పట్టి రాసి మరిచిపోయాను. ఇరుకైన కొండదారిలో రెండు బళ్ళు ఎదురుపడితే దిగేది ఆగాలి, ఎక్కేదానికి దారివ్వాలి. కారణం ఉంది. ఎక్కే బండి ఒకసారి ఆగితే మళ్ళీ కదలడం కష్టం, వెనక్కి జారుతుంది.

మా ఇన్‌స్టిట్యూట్ మూడో అంతస్తులో ఉంది. మెట్లు ఇద్దరు పట్టనంత ఇరుకు. ఉదయం బ్యాచి వచ్చే నెల నుంచి కుర్ర ఫ్యాకల్టీకి ఇస్తానని నిన్న చెప్పి, బ్యాగు భుజాన వేసుకుని దిగుతున్నాను. కింద నుంచి ఏడున్నర బ్యాచి వస్తోంది. వీపుల మీద బ్యాగులు, చేతుల్లో టిఫిన్ పొట్లాలు. పాతికేళ్ళుగా ఇలాంటప్పుడు "సార్ వస్తున్నారు" అని వాళ్ళే గోడకు అతుక్కునేవాళ్ళు, నేను మధ్యలోంచి దిగిపోయేవాణ్ణి.

రెండో అంతస్తు మలుపులో, చెప్పుల స్టాండు పక్కన, నేను ఆగాను. పిల్లలు తటపటాయించారు. "పదండి పదండి" అన్నాను. ఒక్కొక్కరే ఆయాసపడుతూ పైకి వెళ్ళారు. ఆఖరున ఒకమ్మాయి ఆగకుండానే "థాంక్యూ సార్" అంటూ ఎక్కిపోయింది. మెట్లు ఖాళీ అయ్యేదాకా ఉండి, కమ్మీ పట్టుకుని, మెల్లగా దిగాను.