మా యనుమానము

మొన్న కాట్రేనికోనలో వాన విడువక కురియుచుండఁగా నొక యపరాధపరిశోధక నవలను తెల్లవాఱుదాఁక చదివితిమి. రెండువందల పుటలు వంటవానినే యనుమానించితిమి. తుదకు హంతకుఁడు, అంతవఱకు పేరైన వినఁబడని యజమానుని కవలసోదరుఁడఁట! పుస్తకము విసరివైచితిమి. ముందుగా సూచింపక కవలలను కథలోనికిఁ దేరాదని 1929లోనే రోనాల్డు నాక్సు నియమము చేసెను. రహస్యమును దాఁచుట వేఱు, పాఠకుని వంచించుట వేఱు.

కోపము చల్లారిన పిదప మఱియొక ప్రశ్న మమ్ము బాధించినది. వంటవానిపై మాకేల యనుమానము కలిగెను? రచయిత యతనిని నిందింపలేదు. పేదవాఁడనియు, మితభాషియనియు మాత్రమే వ్రాసెను. తక్కినదంతయు మేమే పూరించుకొంటిమి. మా యింట వెండిగ్లాసు కనఁబడనినాఁడు మొట్టమొదట మేమెవరి మూట విప్పించితిమో జ్ఞప్తికి వచ్చినది. గ్లాసు మఱునాఁడు బావిగట్టున దొరకినది.