గోడమీది బొమ్మ ఎవరిది?

సీతంపేటలో మా మావ వేసిన ఎడిసింగ్ బొమ్మ కొంటూ ఒకాయన ఆర్టిస్టు పేరడిగాడు. మావ తడబడ్డాడు. ఎర్రమట్టి అలికిన గోడమీద బియ్యప్పిండి నీళ్ళతో మా సవరలు వేసే గుర్రాలు, నెమళ్ళు చనిపోయిన పెద్దలు కలలో అడిగినవి కదా! 1936లో మంగెయ్ గొమాంగో తెచ్చిన సవర లిపి కూడా ధ్యానంలో కనిపించిందనే చెబుతారు.

కలలొచ్చే నిద్రలో, తప్పొప్పులు చూసే మెదడు ముందుభాగం కొంత సద్దుమణుగుతుంది. పాత జ్ఞాపకాలు కొత్తగా కలుస్తాయి. శాస్త్రం మాట ఇది. ఒప్పుకుంటాను. కానీ ఆ జ్ఞాపకాలు ఇచ్చిందెవరు? కొండ, పోడు, పోయినవాళ్ళు, గోడ అలికిన ఆడవాళ్ళు. ఒక్క తలకాయలోనే పుట్టిందంటే అబద్ధం. అలాగని పేరు వద్దని నేననను, కూలి గిట్టాలి. చివరికి మావ నాచేత తన పేరు రాయించాడు, దానిపైన ఊరి పేరు.