కట్ట మైసమ్మకు కట్టేదీ?

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఇంగ్లిష్ మాటలు కూడబెట్టుకునే కుర్రకారుకు కొదవలేదు. రోజుకో కొత్త పదం నేర్పే యాప్‌లు ఫోన్లో ఉండనే ఉన్నాయి. ‘రినాసెంట్’ అలాంటి ఓ విశేషణం. వాడిపోయిన కళో, చితికిపోయిన ఊరో మళ్లీ చిగురిస్తుంటే దాన్ని వాడతారు. అర్థం బట్టీపట్టడానికి నిమిషం చాలు. ఆ పని చేసి చూపించాలంటే మాత్రం ఏళ్లు పడుతుంది. అదెలా చేయాలో ఆగమాలు పద్ధతిగా రాసిపెట్టాయి.

దాని పేరు జీర్ణోద్ధరణ. గుడి శిథిలమైందని ఒక్కసారిగా పలుగు పట్టరు. ముందు కళాకర్షణ చేస్తారు. మూలమూర్తిలోని దివ్యశక్తిని మంత్రపూర్వకంగా కలశజలంలోకి ఆవాహన చేసి, తాత్కాలికంగా కట్టిన బాలాలయంలో నిలుపుతారు. పనులు ఎన్నాళ్లు సాగినా అక్కడ సుప్రభాతం ఆగదు, నైవేద్యం తప్పదు. చివర్లో సంప్రోక్షణ చేసి ఆ శక్తిని తిరిగి యథాస్థానానికి చేరుస్తారు. తిరుమలలో పన్నెండేళ్లకోసారి జరిగే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం ఇలాంటిదే. 2018 ఆగస్టులో జరిగింది. మూలవిరాట్టును పీఠంతో పట్టి ఉంచే ఎనిమిది ద్రవ్యాల బంధనాన్ని అప్పుడు కొత్తగా అమరుస్తారు. భక్తుడి కంటికి కనిపించని చోట జరిగే మరమ్మతు అది.

యాదాద్రిలో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. 2016 ఏప్రిల్‌లో దర్శనాలు బాలాలయానికి మారాయి. స్వయంభువు కొలువైన గుహను అలాగే ఉంచి, చుట్టూ కృష్ణశిలతో ఆలయాన్ని కొత్తగా లేపారు. 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణతో ప్రధానాలయం తెరుచుకుంది. ఆరేళ్లపాటు నరసింహస్వామికి పూజ మాత్రం ఆగలేదు. లోపలిది పదిలంగా ఉంచుకుని బయటిది మార్చడమే ఈ వరుసలోని కిటుకు.

సరిగ్గా ఆ సంప్రోక్షణకు ముందు రోజు, మార్చి 27న, ప్రధాని ‘మన్ కీ బాత్’లో సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావిని ప్రస్తావించారు. చెత్తకుప్పగా మారి పూడిపోయిన ఆ పాత బావిలో పూడిక తీస్తే అడుగున నీళ్లు ఊరాయి. మెట్లు, స్తంభాలు బయటపడ్డాయి. ఆ ఏడాది డిసెంబరులో దాన్ని ప్రజలకు అప్పగించారు. బావిని బాగుచేయడం ఆధ్యాత్మిక శీర్షికకు తగిన సంగతేనా అని ఎవరికైనా అనిపిస్తే, సప్తసంతానాల జాబితా చూడవచ్చు. కన్నకొడుకు, గుడి, కావ్యం ఉన్న ఆ వరుసలోనే చెరువు కూడా ఉంది. పైగా కొత్తది తవ్వించినవారికన్నా పాతది ఉద్ధరించినవారికే పుణ్యం ఎక్కువని ధర్మగ్రంథాల మాట.

తెలంగాణ పల్లె ఈ సంగతిని శ్లోకాల దాకా పోకుండానే గ్రహించింది. చెరువు కట్ట మీద మైసమ్మను నిలిపింది. గండి పడకుండా కాచే తల్లి కాబట్టి ఆమె కట్ట మైసమ్మ. నగరం పెరిగాక కొన్నిచోట్ల చెరువు మాయమై, కట్ట రోడ్డయి, అమ్మవారి గుడి ఒక్కటే ట్రాఫిక్ మధ్య మిగిలింది. బోనాలు ఏటా వస్తూనే ఉన్నాయి. ఆమె కాపాడాల్సిన నీళ్లే లేవు.

సైబరాబాద్ నడిబొడ్డున ఉన్న దుర్గం చెరువుకు అంత దురదృష్టం పట్టలేదు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన చెరువిది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక చుట్టూ అద్దాల మేడలు లేచాయి, నీళ్లలోకి మురుగు దిగింది, గుర్రపుడెక్క కమ్మేసింది. తర్వాత ఓ కార్పొరేట్ సంస్థ సామాజిక బాధ్యత కింద సుందరీకరణకు పూనుకుంది. నడకదారి వచ్చింది, దీపాలు వచ్చాయి. 2020 సెప్టెంబరు 25న తీగల వంతెన తెరుచుకుంది. సాయంత్రమైతే సెల్ఫీలకు చోటు దొరకదు. అయినా నీటి కంపు మీద ఫిర్యాదులు ఆ తర్వాతా ఆగలేదు. ఆగమం చెప్పిన వరుస ఇక్కడ తిరగబడింది. ప్రాకారానికి ముందు సున్నం కొట్టి, గర్భగుడిని తర్వాత చూద్దామన్నారు. దీన్ని అలంకారం అనాలి, జీర్ణోద్ధరణ అనడానికి ఇంకా వీల్లేదు.

అంబర్‌పేటలో వరుస సరిగ్గా పడింది. బతుకమ్మ కుంట మట్టితో, పిచ్చిచెట్లతో మూసుకుపోయి ఆనవాలు కోల్పోయిన స్థలం. 2025లో ప్రభుత్వ సంస్థ హైడ్రా అక్కడ తవ్వకం మొదలుపెట్టగానే నీరు ఉబికింది. గట్లు, పార్కు ఆ తర్వాతే. అదే ఏడాది పండుగ రోజుల్లో ఆడపడుచులు ఆ గట్టున బతుకమ్మలు ఆడారు.

దుర్గం చెరువుకూ ఇలాంటి రోజు రావాలంటే పని వంతెన దగ్గర లేదు, చుట్టూ ఉన్న మేడల మురుగు గొట్టాల దగ్గర ఉంది. అక్కడ కాపురముండే భక్తులు ఈసారి అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో వినాయక చవితి చందాతోపాటు ఒక ప్రశ్న కూడా పెట్టండి: మన మురుగునీరు శుద్ధి అయ్యాకే బయటికి పోతోందా? నిమజ్జనానికి కట్టిన ప్రత్యేక కొలను ఉంటే, గణపతిని అక్కడికే తీసుకెళ్లండి.