బంతిని ప్రక్కవానికి ఇచ్చుట

చదువవలసిన భాగము: 1 కొరింథీయులకు 3వ అధ్యాయము, 5 నుండి 9 వచనములు



కొరింథు సంఘములో మా బోధకుడు గొప్పవాడు, కాదు మావాడే గొప్పవాడు అను జగడము పుట్టినప్పుడు పౌలు వారికి ఒక పొలమును చూపించెను. పొలము సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ నెల అదే సంగతిని ఆటస్థలములో చూతము. ప్రసంగములో ఆటల మాట ఎందుకని పెద్దలు కొందరు అడుగుదురు. అదే పత్రికలో పరుగు పందెమును గూర్చి వ్రాయుటకు అపొస్తలుడు సందేహింపలేదు.

ఫుట్‌బాలు ఆట ఆంగ్లేయుల పటాలములతో మన దేశమునకు వచ్చెను. 1888లో సిమ్లాలో ఆరంభమైన డ్యూరాండు కప్పును 1940 వరకు తెల్ల సిపాయీలే గెలుచుచు వచ్చిరి. అట్టి కప్పును 1950లో మన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు గెలిచెను. బొంబాయిలోని రోవర్సు కప్పునైతే 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు సారులు తెచ్చెను.

ఆ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిచేత బడిపంతులు. ఆయన పిల్లలకు విచిత్రమైన పోటీలు పెట్టెను. ఒక పోటీలో బలములేని కాలితోనే ఆడవలెను. మరియొక దానిలో బంతిని తనయొద్ద ఉంచుకొని నడిపించుకొని పోరాదు. అందిన వెంటనే తోటివానికి ఇయ్యవలెను. నేర్పుగల బాలునికి ఇది ఎంత కష్టమో ఆలోచించుడి! పదిమందిని తప్పించుకొని పోగలవాడు, చూచువారు చప్పట్లు కొట్టుచుండగా, బంతిని వదలవలెను.

మన గ్రామ సంఘములలో ఈ పోటీ పెట్టినయెడల ఎందరు గెలుతుము? కీర్తనలన్నియు ఒక్కరికే వచ్చును. హార్మోనియము మరియొకరి చేతికి పోదు. ప్రార్థన ఎప్పుడును ఒకే పెద్ద చేయును. లెక్కల పుస్తకము ఒకే ఇంటి పెట్టెలో ఉండును. ఉపదేశి మంచము పట్టిన ఆదివారమున గుడి తలుపు తీయువాడు ఉండడు. యౌవనస్థులు పట్టణమునకు పోయిరని దుఃఖపడుచున్నాము గాని, వారు ఊరిలో ఉన్న దినములలో వారి చేతికి ఏమి ఇచ్చితిమి?

ఇప్పుడు సైనిక్‌పురి అని పిలువబడు ప్రాంతమునకు ప్రక్కనే అమ్ముగూడ ఉన్నది. అక్కడ 1936లో ఒక పేద యింట తులసీదాస్ బలరాం పుట్టెను. కొత్త బూట్లు కొను స్తోమతు ఆ యింటికి లేదు. పోలీసువారి పాత బూట్లతో చెప్పులు కుట్టువాడు అతనికి బూట్లు చేసియిచ్చెనని చెప్పుదురు. ఆ కుట్టినవాని పేరు ఏ కప్పుమీదను చెక్కబడలేదు. రహీం ఆ బాలుని చూచి చేరదీసెను. బలరాం 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సుకు పోయెను. అక్కడ మన జట్టు నాలుగవ స్థానము పొందెను. 1960లో రోములో హంగరీమీదను పెరూమీదను గోలు చేసెను. 2023లో కన్నుమూసెను.

1962లో జకర్తాలో ఆసియా క్రీడలు జరిగెను. రహీం అప్పటికే క్యాన్సరుతో బాధపడుచుండెను. తుది ఆటలో మనవారు దక్షిణ కొరియాను రెండు గోళ్లకు ఒకటిగా ఓడించి స్వర్ణము పొందిరి. ఆ జట్టులో బలరాం ఆడెను. మరుసటి సంవత్సరము జూన్ 11న రహీం మరణించెను. అటుతరువాత ఆ స్వర్ణము మన దేశమునకు మరల రాలేదు. చూచితిరా, ఒక్కడు లేకపోయిన అంతయు పోయెనుగదా అని మీరనవచ్చును. అట్లు తొందరపడవద్దు.

1970లో బ్యాంకాకునుండి కాంస్యము తెచ్చిన జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదు వాడే. దాని శిక్షకులలో ఒకడు, జకర్తా తుది ఆటలో మొదటి గోలు చేసిన పి.కె. బెనర్జీ. రహీం మట్టిలో కలిసి అప్పటికి ఏడేండ్లు.