ఊరికే వచ్చినదానికి అప్పు ఉంటుందా?

మనిషి మూడు అప్పులతో పుడతాడని తైత్తిరీయ సంహిత అంటుంది. నిజానికి అక్కడున్నది బ్రాహ్మణుడి గురించే. అందరికీ వర్తింపజేస్తున్నది నేను, ఆక్షేపించేవాళ్లు ఆక్షేపించవచ్చు. దేవఋణం యజ్ఞంతో, పితృఋణం సంతానంతో, ఋషిఋణం అధ్యయనంతో తీరతాయి. సంస్కృతం పంతులమ్మగా ఇది ఎన్నో తరగతుల్లో చెప్పాను. మూడో అప్పు ఎంత చిత్రమైనదో మాత్రం ఇంట్లో పాటల పెట్టె తయారుచేసుకున్నాకే తట్టింది.

పెట్టె అంటే మా అబ్బాయి వదిలేసిన ల్యాప్‌టాప్. ఒక జీబీ ర్యామ్, 32-బిట్ ప్రాసెసర్. విండోస్ తెరుచుకునేలోపు కాఫీ చల్లారిపోయేది. అంతా తుడిచేసి డెబియన్ 12 అనే ఉచిత లినక్స్ వేశాను. 2025లో వచ్చిన 13కి ఇలాంటి ముసలి యంత్రాల కోసం ఇన్‌స్టాలర్ లేదు. బొమ్మలేమీ లేని నల్ల తెర. దానిమీద మ్యూజిక్ ప్లేయర్ డీమన్, పొట్టిగా ఎంపీడీ. పాటలు వాయించే పని దానిది, ఏది కావాలో ఫోన్‌లోంచి చెప్పడం నాది. హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి బుసబుస వస్తుంటే యూఎస్‌బీ సౌండ్ కార్డు కొని పాత యాంప్లిఫయర్‌కి తగిలించాను, ఖర్చంతా దానికే. మూత వేస్తే నిద్రపోయేది. లాగిన్‌డీ.కాన్ఫ్ అనే ఫైల్లో ఒక్క లైను మార్చాక మూతేసినా మేలుకునే ఉంటోంది. మా విజయనగరం సంగీత కళాశాలలో పాఠాలు చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, పాత రికార్డు చిటపటలతో సహా, ఇప్పుడు బీరువా మీంచి వినిపిస్తోంది.

ఊరికే వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ అంతా రాసినవాళ్లకు నేనేమివ్వాలి? లినక్స్ మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్, డెబియన్ మొదలుపెట్టిన ఇయాన్ మర్డాక్ లాంటి ఒకరిద్దరి పేర్లు తెలుసు. మిగతా వేలమందివీ మార్పుల చిట్టాలో ఉంటాయి, వేదంలో ప్రతి సూక్తానికీ ఋషి ఎవరో అనుక్రమణి అనే సూచిక చెప్పినట్టే.

సీడీల్లోని పాటలు ఏమీ పోకుండా ఫ్లాక్ ఫైళ్లుగా మార్చుకున్నాను. ఆ పని చేసే ఫ్లాక్ లైబ్రరీ షరతు చిన్నది: మా పేరు తీసెయ్యకు, తరవాత నీ ఇష్టం. ఎంపీడీ మాత్రం జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉంది. 1989లో రిచర్డ్ స్టాల్‌మన్ తెచ్చిన ఆ ఒప్పందం ప్రకారం, మార్చి మరొకరికి ఇస్తే మూలం, అంటే సోర్స్ కోడు, కూడా ఇవ్వాలి. తిరిగి ఆశించకుండా ఇచ్చేదే సాత్త్విక దానమని గీత పదిహేడో అధ్యాయం. ఆ లెక్కన ఫ్లాక్‌దే పైచేయి కావాలి. నేనొప్పుకోను. దానం పుచ్చుకున్నవాడి దగ్గరే ఆగిపోవచ్చు. ఋషిఋణం ఆగడానికి వీల్లేదు, ఎందుకంటే ఇచ్చినవాడికి తిరిగిచ్చే దారే లేదు, ముందుకే ఇవ్వాలి. వాలాజాపేట, తిల్లైస్థానం, ఉమయాళ్పురం శిష్యులు అలా ఇవ్వబట్టే త్యాగరాజ కృతులు మనదాకా వచ్చాయి.

ఇక్కడో మెలిక ఉంది. జీపీఎల్ పట్టుకునేది మరొకరికి ఇచ్చినప్పుడే. ఇంట్లో కూర్చుని వినేదాన్ని నన్నెవరూ అడగరు. చట్టం లెక్కలో నా బాకీ సున్నా. పోనీ అధ్యయనంతో తీరుద్దామా అంటే ఎంపీడీ ఉన్నది సీ ప్లస్ ప్లస్‌లో. ఆ మూలం తెరిచి చూశాను, ఒక్క పుటా అర్థం కాలేదు. అయినా బాకీ ఉందనే నా తీర్పు. చదవలేనివాళ్లు అందించనైనా అందించాలి. చేసిన పనంతా వరసగా, లైను లైనూ, తెలుగులో రాసి పక్కింటి డిగ్రీ పిల్లకు ఇచ్చాను.

మీ అటక మీదా ఓ పాత ల్యాప్‌టాప్ ఉండే ఉంటుంది. దించి, ఆడించండి. ఎలా ఆడించారో ఇంకొకరికి రాసివ్వండి.